తీగ పందిరంతా పాకింది, మొగ్గ మాత్రం లేదు (ఒక్క సీజన్ పూల తీగల గురించి)

నీలిగంట
అందరికీ నమస్కారం. మార్నింగ్ గ్లోరీ విత్తనాలు వేసి ఇవాళ్టికి 74 రోజులు. రెండు కుండీలు, ఒక్కోదాంట్లో మూడేసి మొక్కలు. తీగలు పది అడుగుల పందిరి ఎక్కి, పైన జాగా చాలక మళ్లీ కిందకి వేలాడుతున్నాయి. ఆకు ఒక్కొక్కటీ నా అరచేయంత ఉంది, ముదురాకుపచ్చగా నిగనిగలాడుతోంది. కానీ ఒక్క మొగ్గ లేదు.

మట్టిలో మూడో వంతు పశువుల ఎరువు కలిపాను. పదిహేను రోజులకోసారి వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్లు పోస్తున్నాను. ఎండ పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా బాగానే తగులుతుంది. పక్క కుండీలో శంఖపుష్పం రోజుకు నాలుగైదు పూలు పూస్తోంది, అందుకే ఎండ సరిపోలేదని అనుకోలేకపోతున్నాను. రోజూ లేవగానే వెళ్లి ఆకులు తిప్పి తిప్పి చూస్తున్నాను. ఎక్కడ తప్పు చేశానో చెప్పండి.

మట్టివాసన
చెక్క నీళ్లు ఆపేయండి, ఈ రోజే. అందులో ఉండేది ఎక్కువగా నత్రజని. నత్రజని అందుతున్నంత కాలం ఈ తీగ ఆకు మీద ఆకు వేస్తూనే ఉంటుంది. మార్నింగ్ గ్లోరీ, కాశీరత్నం, నాస్టర్షియం, ఈ మూడూ సాదాసీదా మట్టిలో బాగా పూస్తాయి. కూరగాయ పాదుకి పెట్టినట్టు మేపితే ఆకే వస్తుంది. శంఖపుష్పం సంగతి వేరు. అది చిక్కుడు కుటుంబం, వేళ్ల బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా సాయంతో తన నత్రజని తనే సంపాదించుకుంటుంది. దానికి మీరు పోసినా పోయకపోయినా పెద్ద తేడా ఉండదు.

పందిరి_బాబాయ్
మట్టివాసన గారు చెప్పింది నిజమే కానీ, 74 రోజులకి ఆరు మొక్కల్లో ఒక్క మొగ్గ కూడా లేకపోవడం ఒక్క ఎరువు వల్ల కాదనిపిస్తోందమ్మా. రెండు ప్రశ్నలు. ఆకు గుండె ఆకారంలో ఉందా, మూడు రెక్కలుగా చీలి ఉందా? కాడ మీద నూగు ఉందా? ఈ పేరుతో అమ్మేవి కనీసం మూడు జాతులు. ఏ జాతో తెలియకుండా జవాబు చెబితే చీకట్లో రాయి వేసినట్టే.

నీలిగంట
బాబాయ్ గారూ, ఇప్పుడే వెళ్లి చూసొచ్చాను. మూడు రెక్కలు. మధ్య రెక్క పొడుగ్గా, పక్కవి రెండూ పొట్టిగా ఉన్నాయి. కాడ మీద కిందకి వాలిన తెల్లటి నూగు ఉంది, వేలితో పైకి నిమిరితే గరుగ్గా తగులుతోంది. ప్యాకెట్ మీద మాత్రం "నీలం రంగు" అని తప్ప ఏమీ లేదు. మట్టివాసన గారూ, చెక్క నీళ్లు ఆపేశాను.

ఎండపొడ
నేనైతే నీళ్లు తగ్గించమంటాను. నాలుగు రోజులు ఎండగట్టి చూడండి. ప్రాణం మీదకి వచ్చిందనుకుంటే మొక్క పూతకి వస్తుంది. బోగన్‌విల్లాకి నేనెప్పుడూ అదే చేస్తాను.

మట్టివాసన
ఎండపొడ గారూ, బోగన్‌విల్లా ఏళ్ల తరబడి బతికే గట్టి కాడ మొక్క, వేళ్లలో దానికి నిల్వ ఉంటుంది. ఇది ఒక్క సీజన్‌లో మొలిచి, పూసి, విత్తనం పెట్టి పోయే లేత కాడ తీగ. పైగా కుండీలో ఉంది. నాలుగు రోజులు ఎండగడితే కింది ఆకులు పండిపోతాయి, ఎర్రనల్లి చేరుతుంది. పై అంగుళం మట్టి ఆరాక నీళ్లు పోస్తే చాలు. ఎండగట్టడం మాత్రం వద్దు.

రెండో_అంతస్తు
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మీకు పూలు రాలేదన్న బాధ, నాకు మొలకే రాలేదన్న బాధ. శంఖపుష్పం పది గింజలు వేస్తే ఒక్కటి వచ్చింది. మార్నింగ్ గ్లోరీ ఎనిమిది వేస్తే రెండే. మట్టి తవ్వి చూస్తే మిగతా గింజలు వేసినవి వేసినట్టే రాళ్లలా ఉన్నాయి. కుళ్లలేదు, పగల్లేదు. పాత విత్తనాలంటారా?

విత్తులసంచి
పాతవి కావండీ, గట్టివి. కుళ్లకుండా ఉన్నాయంటేనే లోపల ప్రాణం ఉందని గుర్తు. ఈ గింజల పైపొర నీళ్లని లోపలికి రానివ్వదు. పొర ఎప్పుడో అరిగినప్పుడే మొలుస్తాయి, కొన్ని ఈ ఏడు, కొన్ని పై ఏడు. కుండీలో మనకి అంత ఓపిక ఉండదు కాబట్టి ఆ అరగదీసే పని మనమే చెయ్యాలి.

నేను చేసే పద్ధతి ఇది. గింజని వెలుతురులో పట్టుకుని చూస్తే ఒక పక్క చిన్న మచ్చ కనిపిస్తుంది. కాయలో అతుక్కుని ఉన్న చోటు అది, దాని దగ్గరే మొలక పుడుతుంది. ఆ పక్క ముట్టుకోకూడదు. దానికి ఎదురు పక్కని గరుకు కాగితం మీద పెట్టి, వేలితో నొక్కి, అగ్గిపుల్ల గీసినట్టు ఏడెనిమిది సార్లు రుద్దుతాను. నల్లటి పొర పోయి లోపల లేత రంగు చుక్క, ఆవగింజలో సగమంత, కనబడగానే ఆపేస్తాను. అంతకంటే లోతుకి వెళితే లోపలి పప్పు దెబ్బతిని నానేటప్పుడు కుళ్లిపోతుంది. నెయిల్ కట్టర్‌తో చిన్న నొక్కు పెట్టినా సరే, చెయ్యి తిరిగితే అదే తొందరగా అవుతుంది.

తర్వాత గోరువెచ్చని నీళ్లలో రాత్రంతా. తెల్లారి చూస్తే కొన్ని ఉబ్బి రెండింతలై ఉంటాయి, అవి వెంటనే మట్టిలోకి. ఉబ్బనివి తీసి మళ్లీ రుద్ది మళ్లీ నానబెడతాను. 24 గంటలు దాటి మాత్రం నీళ్లలో ఉంచను, గాలాడక ఊపిరి పోతుంది. వేసే లోతు ఒక సెంటీమీటరు, పెద్ద గింజైతే రెండు.

ఇంకో మాట. మార్నింగ్ గ్లోరీ జాతి మొక్కలకి వేళ్లు కదిలిస్తే పడదు. పెరగాల్సిన కుండీలోనే నేరుగా వేయండి. తప్పనిసరైతే పాత కాగితం చుట్టిన గొట్టంలో మొలిపించి, గొట్టంతో సహా పాతెయ్యండి.

రెండో_అంతస్తు
చాలా థాంక్స్ అండీ, ఆ మచ్చ సంగతి ఎవరూ చెప్పలేదు. ఒకటి అడగాలి. మా బాబుకి మూడేళ్లు, ఏది దొరికినా నోట్లో పెట్టుకుంటాడు. ఈ గింజలు ప్రమాదమా?

విత్తులసంచి
ప్రమాదమే, దాపరికం లేకుండా చెబుతున్నా. మార్నింగ్ గ్లోరీ గింజల్లో ఆల్కలాయిడ్లు ఉంటాయి. మింగితే వాంతులు, మత్తు, భ్రమలు వస్తాయి. స్వీట్ పీ గింజలు చూడటానికి బఠాణీల్లా ఉంటాయి, అవీ విషమే. పైగా ప్యాకెట్ గింజలకి మందు పట్టించి ఉండొచ్చు. నానబెట్టడానికి వంటింటి గిన్నెలు వాడకండి. నేను మూత బిగించే సీసా ఒకటి వేరుగా పెట్టుకుని, దాని మీద పెద్ద అక్షరాలతో "గింజలు" అని రాసి, పై అరలో పెడతాను. కాయలు ఎండే రోజుల్లో బాబుని తీగ దగ్గర ఒంటరిగా వదలకండి. పొరపాటున మింగితే ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకుండా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, ఏ గింజో చూపించడానికి ప్యాకెట్ కూడా పట్టుకెళ్లండి.

పిల్లలున్న ఇంట్లో నా ఓటు నాస్టర్షియంకి. తీగ రకం అని రాసున్నదే తీసుకోండి, పొద రకం పాకదు.

పందిరి_బాబాయ్
నీలిగంటమ్మా, మూడు రెక్కల ఆకు, నూగు కాడ అన్నావు కదా. అది ఐపోమియా నిల్ అయ్యుంటుంది, జపాన్ వాళ్లు అసగావో అని తరాల తరబడి ప్రాణంగా పెంచిన జాతి. గుండె ఆకారం ఆకు, నున్నటి కాడ ఉంటే ఐపోమియా ట్రైకలర్, హెవెన్లీ బ్లూ రకం అందులోదే.

ఇప్పుడు అసలు ప్రశ్న. రాత్రిపూట ఆ పందిరి మీద ఏదైనా లైటు పడుతుందా? మెట్ల లైటు, వీధి దీపం, పక్కింటి వాకిలి లైటు, ఏదైనా సరే. అర్ధరాత్రి లేచి ఒకసారి చూడు.

నీలిగంట
బాబాయ్ గారూ, రాత్రి ఒంటిగంటకి లేచి చూశాను. మెట్ల మీది లైటు తెల్లవార్లూ వెలుగుతుంది, భయం లేకుండా ఉంటుందని మేమే వేసి ఉంచుతాం. అది సరిగ్గా పందిరి మీదే పడుతోంది. ఆ వెలుతురులో ఆకుల ఈనెలు కూడా కనిపిస్తున్నాయి.

ఇంకో విచిత్రం చూశాను, చేతులు వణికాయి. నీళ్ల ట్యాంకు వెనక్కి పాకిన కొమ్మ ఒకటుంది, దాని మీద లైటు పడదు. ఫోను వెలుతురులో చూస్తే ఆకు మొదట్లో, కాడ పక్కన, బియ్యపు గింజంత మొనదేలిన మొగ్గలు. మూడు! ఇటువైపు ఒక్కటీ లేదు.

పందిరి_బాబాయ్
దొరికింది! మీ ట్యాంకే సాక్ష్యం చెప్పింది.

ఈ జాతి పూత పగటి ఎండని బట్టి కాదు, రాత్రి పొడుగుని బట్టి వస్తుంది. తొమ్మిది పది గంటలకి మించి తెగని చీకటి దొరికితేనే ఆకు "ఇక పూయి" అని చిగురుకి కబురు పంపుతుంది. ఆకులో ఫైటోక్రోమ్ అనే పదార్థం ఉంటుంది, అది వెలుతురులోని ఎరుపుని పసిగడుతుంది. నడిరాత్రి కొన్ని నిమిషాలు ఎర్ర కాంతి పడినా చాలు, ఆ రాత్రి లెక్క తెగిపోతుంది. మీ మెట్ల లైటు తెల్లవార్లూ పడుతోంది, అంటే మీ తీగకి ఇప్పటిదాకా రాత్రే రాలేదన్నమాట. దాని లెక్కలో ఇంకా పగలే నడుస్తోంది, కాలం బోలెడుందని ఆకులు వేస్తూ కూర్చుంది.

శాస్త్రవేత్తలకి ఈ మొక్క ఎంత ఇష్టమో చెప్పనా. ఇందులో వయొలెట్ అనే రకం ఉంది. అప్పుడే మొలిచి రెండు బీజదళాలు విప్పిన మొలకని ఒకే ఒక్కసారి 16 గంటలు చీకట్లో పెడితే, ఆ ఒక్క రాత్రికే పూతకి తిరుగుతుంది. పూత కబురు ఆకులో పుట్టి చిగురుకి ఎలా వెళుతుందో తెలుసుకునే పరిశోధనల్లో ఈ తీగని ఎంతగానో వాడారు. నేను కూడా ఒకసారి అట్టపెట్టె బోర్లించి చేసి చూశాను. ఆరు ఆకులైనా లేని పిల్ల మొక్క, జానెడు ఎత్తు, దాని నెత్తిన మొగ్గ! ఇప్పటికీ కళ్లలో ఉంది.

లైటు పూర్తిగా ఆపడం కుదరకపోతే కిందకి తిప్పి డొప్ప పెట్టండి, మెట్ల మీద పడితే చాలు. కదలిక ఉన్నప్పుడే వెలిగే రకమైతే ఇంకా మేలు, కానీ అది కూడా ఆకుల మీద పడకుండా చూడండి. మొగ్గలు కంటికి కనిపించడానికి రెండు వారాలు, పువ్వుకి నాలుగు వారాలు వేసుకోండి.

మట్టివాసన
బాబాయ్ గారూ, ఎరువు తప్పు అని నేనే గట్టిగా చెప్పాను, లైటు ఊసే నాకు తట్టలేదు. మా వీధి దీపం పక్క గోడ మీద అలంకారానికి ఊదా చిక్కుడు పాకించాను, ఏటా ఆలస్యంగా పూస్తుంది. అదీ ఇదేనా?

పందిరి_బాబాయ్
చాలా చిక్కుడు రకాలు పొడుగు రాత్రుల కోసం చూసేవే. అదే అయ్యుండొచ్చు. దీపం నీడ పడే వైపు ఒక పాదు పెట్టి చూడండి, తేలిపోతుంది. ఎరువు సలహా మాత్రం తప్పు కాదు, మీరు ఆపించింది మంచిదే.

సాయంకాలం
రాత్రి మాట వచ్చింది కాబట్టి నేనూ ఒకటి చెబుతాను. మూన్‌ఫ్లవర్ వేశాను ఈసారి. తెల్లటి పువ్వు, అరచెయ్యి నిండుగా ఉంటుంది. మొగ్గ వేలెడు పొడుగు, గొడుగు ముడిచినట్టు మెలి తిరిగి ఉంటుంది. నిన్న సాయంత్రం కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చున్నాను. పొద్దు వాలి, ఆకాశం బూడిద రంగుకి తిరగ్గానే మొగ్గ కొస కొద్దిగా వదులైంది. కాసేపు ఏమీ లేదు. తర్వాత గాలి లేకుండానే మొగ్గ సన్నగా వణికింది. ఒక మడత జారింది, ఇంకోటి జారింది, ఒక్కసారిగా పళ్లెంలా విచ్చుకుంది. నిమిషమో, నిమిషంన్నరో. నేను ఊపిరి బిగబట్టానని విచ్చుకున్నాకే తెలిసింది. ఆ వెంటనే వాసన. ఇంకా చీకటి పడ్డాక పెద్ద చిమ్మట ఒకటి వచ్చి, వాలకుండానే గాల్లో నిలబడి, పొడవాటి తొండం లోపలికి దింపి తాగి వెళ్లింది.

తెల్లారేసరికి వాడిపోయింది. కానీ ఇవాళ్టికి ఇంకో రెండు మొగ్గలున్నాయి.

కొత్తకుండీ
సాయంకాలం గారూ, అంటే చంద్రకాంత కదా? మా ఇంట్లో ఉంది, అదీ సాయంత్రమే పూస్తుంది. కానీ పాకడం లేదు, కర్ర పాతినా ఎక్కదు.

సాయంకాలం
కాదండీ. చంద్రకాంత పొద, దుంప వేరు ఉంటుంది, పువ్వు చిన్న గొట్టంలా ఉంటుంది. దాన్ని ఎక్కించలేం. మూన్‌ఫ్లవర్ మార్నింగ్ గ్లోరీకి చెల్లెలు, ఐపోమియా ఆల్బా. ఉమ్మెత్తని కూడా కొందరు ఇంగ్లీషులో ఇదే పేరుతో పిలుస్తారు, అది పూర్తిగా విషం. విత్తనం కొనేటప్పుడు శాస్త్రీయ నామం చూసుకోండి.

ఎండపొడ
పేర్లతో నేనూ మోసపోయాను. నారింజ రంగు పువ్వు మధ్య నల్లటి కన్ను ఉండే తన్‌బెర్జియా కావాలని ఒక నర్సరీలో అడిగితే, అదే పేరున్న నీలం పూల మొక్క చేతిలో పెట్టారు. రెండేళ్లలో అది గోడ ఎక్కి, కిటికీ మూసి, నీళ్ల గొట్టాన్ని చుట్టేసింది. కాడ నా మణికట్టంత. కొట్టేయడానికి ఒక పూట పట్టింది. మీరు అడగాల్సింది తన్‌బెర్జియా అలాటా. అది సన్న తీగ, ఆరేడు అడుగులు పాకుతుంది, వేలాడే కుండీలో కూడా ముచ్చటగా ఉంటుంది. మధ్యాహ్నం ఎండ నుంచి కాస్త నీడ ఇస్తే ఆకు మాడదు.

కొత్తకుండీ
తీగ ఎక్కడానికి ఏం కట్టాలి? నేను స్టీలు గొట్టం పాతాను. కాశీరత్నం దాని చుట్టూ ఒక చుట్టు తిరిగి జారి కింద పడుతోంది. రోజూ నేనే మళ్లీ చుడుతున్నాను.

పందిరి_బాబాయ్
గొట్టం లావు, నునుపు. రెండూ పడవు దానికి. మెలి తిరిగి ఎక్కే తీగకి సన్నగా, గరుగ్గా ఉండేది కావాలి. పురికొస చాలు. కుండీ అంచున చిన్న మేకుకో, మట్టిలో గుచ్చిన పుల్లకో కట్టి పైన కమ్మీకి లాగండి, జానెడు దూరానికి ఒకటి. కొస మరీ బిగుతుగా వద్దు, తీగ చుట్టుకున్నాక అదే బిగుస్తుంది. గాలికి కాస్త ఊగనివ్వండి.

నైలాన్ తాడు కన్నా పురికొస ఎందుకంటే, సీజన్ అయిపోయాక ఎండిన తీగని తాడు మీంచి ఊడదీయడం నరకం. పురికొస అయితే పైన ఒక కోత, కింద ఒక కోత, తీగా కొసా కలిపి కంపోస్టులోకి.

మీరు రోజూ చుడుతున్నా ఎందుకు ఊడిపోతోందో కూడా చెబుతాను. కాశీరత్నం, మార్నింగ్ గ్లోరీ పైనుంచి చూస్తే గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిరుగుతాయి. మీరు ముల్లు దిశలో చుడితే రాత్రికల్లా విప్పేసుకుంటాయి. రేపు ఎదురుగా చుట్టి చూడండి.

స్వీట్ పీ, బుడ్డకాకర లాంటివి మెలి తిరగవు, నులితీగలతో పట్టుకుంటాయి. వాటికి వల కావాలి, పెన్సిల్ కన్నా సన్నటి పుల్లలు కావాలి. నాస్టర్షియం ఆకు తొడిమనే కొక్కెంలా వంచి పట్టుకుంటుంది, దానికీ సన్న పుల్లలే.

విత్తులసంచి
తీగ కొస తిరగడం కూర్చుని చూడాల్సిందే. డార్విన్ జబ్బుచేసి గదిలో ఉన్నప్పుడు కుండీలో హాప్ తీగ పెట్టించుకుని, దాని కొస ఎంతసేపటికి ఒక చుట్టు తిరుగుతుందో లెక్కపెట్టాడు. వేడి రోజుల్లో పగటిపూట సగటున రెండు గంటల 8 నిమిషాలు. 1865లో ఎక్కే మొక్కల మీద పెద్ద వ్యాసమే అచ్చువేశాడు. నేను మా మార్నింగ్ గ్లోరీ కొస నీడని గోడ మీద సుద్దముక్కతో పదిహేను నిమిషాలకోసారి గుర్తు పెట్టాను. ఆదివారం మధ్యాహ్నం మొత్తం దానికే పోయింది, సాయంత్రానికి గోడ మీద వంకర గుండ్రాలు రెండు మిగిలాయి. చెరపబుద్ధి కాక అలాగే ఉంచాను.

రెండో_అంతస్తు
కొత్తకుండీ గారూ, ఎదురు దిశలో చుట్టారా? ఏమైంది?

కొత్తకుండీ
చుట్టాను! పక్కనే పురికొస కట్టి దానికి ఎక్కించాను. పొద్దున చూస్తే ఇంకో చుట్టు తనే తిరిగి ఉంది. ఇక చెయ్యి పెట్టను.

మట్టివాసన
కాశీరత్నం గురించి ఒక హెచ్చరిక. ఆ సన్నటి ఈకల్లాంటి ఆకులు, ఎర్రటి నక్షత్రాలు చూసి మురిసిపోతాం కానీ, కాయలు పేలి గింజ రాలితే మరుసటి ఏడు ఎక్కడపడితే అక్కడ మొలుస్తుంది. నేను ఒక ఏడాది కాయలు వదిలేశాను. తర్వాతి ఏడు గులాబీ కుండీలో, కాలువ పక్కన, పగిలిన గచ్చు సందులో, అన్ని చోట్లా అదే. బీజదళాలు రెండుగా చీలి పిచ్చుక తోకలా ఉంటాయి, ఆ దశలోనే గుర్తుపట్టి లాగేయొచ్చు. మార్నింగ్ గ్లోరీ కూడా తక్కువ తినలేదు, దాని గింజ మట్టిలో ఏళ్ల తరబడి ఓపిగ్గా పడి ఉంటుంది. కుండీలో పెంచుకోండి, కాయలు తుంచేయండి, చేల పక్కన, ఖాళీ స్థలాల పక్కన మాత్రం వదలొద్దు. ఇది అందరూ దయచేసి పాటించాలి.

కాయలు తుంచితే ఇంకో లాభం. విత్తనం తయారైపోయిందనుకుంటే ఏకవార్షిక మొక్కకి ఇక పని లేదు. తుంచుతూ ఉంటే మళ్లీ మళ్లీ పూస్తుంది.

సాయంకాలం
స్వీట్ పీకి అది ఇంకా నిజం. రెండు రోజులకోసారి పూలు కోయకపోతే అలకే. 1699లో సిసిలీ నుంచి కుపానీ అనే సన్యాసి ఇంగ్లండుకి గింజలు పంపిన పువ్వు అది. అప్పటిది చిన్నది, రెండు రంగులది, కానీ వాసన గదంతా నిండేదట.

రెండుసార్లు విఫలమై మూడోసారి పూయించాను కాబట్టి చెబుతున్నా. మొదటి రెండుసార్లూ ఎండలు మొదలయ్యే ముందు వేశాను. మోకాలెత్తు పెరిగి, మొగ్గ తొడిగి, మొగ్గలు పసుపు తిరిగి రాలిపోయాయి. చాలా ఏడుపొచ్చింది. దానికి చల్లదనం కావాలి. 30 డిగ్రీల ఎండ మొదలైతే దాని కథ అయిపోయినట్టే. మూడోసారి చలి మొదలవుతుండగానే వేశాను, లోతైన కుండీలో. రెండు మూడు జతల ఆకులు రాగానే కొస తుంచాను. కొస తుంచినప్పుడు మనసొప్పదు, కానీ వారంలో పక్కల నుంచి రెండు మూడు గట్టి కొమ్మలు వచ్చాయి, ఆ కొమ్మలే పూశాయి. కొస తుంచకుండా వదిలిన మొక్క ఒంటి కాడగా సన్నగా ఉండిపోయింది.

నీలిగంట
అప్‌డేట్. లైటుకి డొప్ప పెట్టి తొమ్మిది రోజులైంది. ట్యాంకు వెనక మొగ్గలు ఇప్పుడు చిటికెన వేలి గోరంత పొడుగు. ఇటువైపు ఇంకా ఏమీ లేదు. చెక్క నీళ్లు ఆపాక కొత్త ఆకులు కాస్త చిన్నవిగా వస్తున్నాయి. ఓపిక పడుతున్నాను.

రెండో_అంతస్తు
నా గింజలు రుద్ది నానబెట్టి వేశాను. పదింటికి ఎనిమిది మొలిచాయి! సీసా పై అరలోనే ఉంది విత్తులసంచి గారూ.

బాబు కోసం బుడ్డకాకర కూడా వేద్దామనుకుంటున్నాను, పువ్వు బాగుంటుందా?

విత్తులసంచి
పువ్వు చిన్నది, తెల్లది, దూరం నుంచి కనపడదు. దాని అందం కాయలో ఉంది. గాలి నింపిన ఆకుపచ్చ బుడగ, నొక్కితే టప్‌మంటుంది. కాయ ఎండి గోధుమ రంగుకి తిరిగాక విప్పితే మూడు నల్లటి గుండ్రటి గింజలుంటాయి, ఒక్కోదాని మీదా తెల్లటి గుండె గుర్తు, ఎవరో కుంచెతో వేసినట్టు. దాని శాస్త్రీయ నామం కార్డియోస్పెర్మమ్‌కి అర్థమే గుండె గింజ. బుడగ మీరు దగ్గరుండి నొక్కించండి, గింజలు మాత్రం మీ చేతిలోనే ఉండాలి. ఇదీ కలుపుగా మారే రకమే, కాయలు రాలనివ్వకండి.

నీలిగంట
పూసింది!!

డొప్ప పెట్టి ఇవాళ్టికి 27వ రోజు. ట్యాంకు వెనకవి ముందే పూశాయి, కానీ నాకు లెక్క ఇటువైపుదే. నిన్న రాత్రే మొగ్గ మెలి వదులుగా కనిపించింది. నాలుగింటికి అలారం పెట్టుకుని లేచాను. చీకటి. టార్చి వేస్తే ఎక్కడ చెడిపోతుందోనని వేయకుండా, వేలితో తడిమి చూశాను, అప్పటికే సగం విచ్చుకుని ఉంది. మెల్లగా వెలుతురు వచ్చేసరికి పూర్తి గుండ్రం. నీలం అంటే ఎంత నీలమో నాకు మాటల్లేవు. మధ్య తెల్లటి గొంతు, దాన్నుంచి అయిదు గీతలు అంచు దాకా నక్షత్రంలా. మంచు చుక్క ఒకటి గొంతు అంచున ఆగి ఉంది.

ఇవాళ నాలుగు పూశాయి. రేపటికి లెక్కపెడితే పదకొండు మొగ్గలు. బాబాయ్ గారూ, మీకు ఎలా చెప్పాలో తెలియట్లేదు.

ఒక సందేహం. మొగ్గగా ఉన్నప్పుడు ఊదా ఎరుపు రంగులో ఉంది, విచ్చుకుంటే నీలం, ఇప్పుడు పదకొండింటికి వాడుతూ మళ్లీ గులాబీకి తిరుగుతోంది. ఒకే పువ్వుకి ఇన్ని రంగులా?

పందిరి_బాబాయ్
సంతోషం తల్లీ. నాలుగింటికి లేచావు చూడు, మంచి పని చేశావు. పొద్దు గుంకి చీకటి పడిన పది గంటలకి అటూ ఇటూగా విచ్చుకోవడం దీని అలవాటు, కాబట్టి రేపు కూడా ఆ వేళకే.

రంగు సంగతి హెవెన్లీ బ్లూ రకంలో కొలిచి చూశారు. రంగు పదార్థం మారదు, అది కరిగి ఉన్న రసం మారుతుంది. మొగ్గలో రేకు కణాల రసం పీహెచ్ 6.6 దగ్గర ఉంటుంది, విచ్చుకునేసరికి 7.7కి వెళుతుంది. రసం క్షారం వైపు జరిగేకొద్దీ ఎరుపు పోయి నీలం వస్తుంది. నీ పువ్వు దాని దగ్గరి చుట్టమే.

మట్టివాసన
చాలా ఆనందంగా ఉంది నీలిగంట గారూ. మా వీధి దీపం వెనక వైపు కూడా ఒక చిక్కుడు గింజ పెట్టాను నిన్న. ఏమవుతుందో ఇక్కడే రాస్తాను.

నీలిగంట
తప్పకుండా రాయండి. చివరిగా ఒకటి. ట్యాంకు వెనక మొదట పూసిన మూడు పూల కాయల్ని మాత్రం తుంచకుండా వదిలేశాను, వాటి గింజ దాచుకోవాలని. ఎప్పుడు కోయాలి?

విత్తులసంచి
కాయ పచ్చగా ఉన్నప్పుడు ముట్టుకోకండి. తొడిమ ఎండి, కాయ గోధుమ రంగుకి తిరిగి, వేళ్ల మధ్య నొక్కితే కాగితంలా చిట్లాలి. పువ్వు రాలాక నెల పైనే పడుతుంది. ఇప్పుడే పలచటి గుడ్డ ముక్క చిన్న సంచిలా కట్టి ఉంచండి, మీరు చూడనప్పుడు పగిలినా గింజ కింద పడదు. కోశాక వారం నీడలో ఆరబెట్టి, కాగితం పొట్లంలో వేసి, తేదీ రాయండి. పొట్లం మీద "ట్యాంకు వెనకది" అని కూడా రాసుకోండి.